శరీరపు బరువు – ఆహారపు జమ, శ్రమ ఖర్చు

మనుష్యుని శరీరము జమాఖర్చుల పుస్తకము వంటిది. తినిన ఆహారము జమ. శరీరము వినియోగించిన శక్తి ఖర్చు. జమయు ఖర్చును సరిపోయినంత కాలము బరువు నిలుకడగా నుండును. జమ మించినచో మిగులు క్రొవ్వుగా నిలువయగును. ఖర్చు మించినచో ఆ నిలువ క్రమముగా కరగును.

ఈ సంగతి వినుటకు సులభము. ఆచరణలో మాత్రము అనేకులు పొరబడుచున్నారు. కొందరు కంచములో మార్పు చేయక నడకను మాత్రమే నమ్ముకొని, నెల తిరిగినను తూకము కదలలేదని నిరాశ చెందుదురు. మరికొందరు పూటలు మాని పస్తులుండి, పది దినములలో నీరసించి, ఆపైన మునుపటికంటె ఎక్కువ తిందురు. ఈ రెండు తెగలవారికిని పట్టుదల కలదు, లెక్క తెలియదు. ఆ లెక్కను తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పని మారినది, కంచము మారలేదు

ఈ లెక్క ఎట్లు తప్పునో చూచుటకు పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణము మంచి ఉదాహరణము. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములలో ఆ పట్టణము వృద్ధిలోనికి వచ్చినది. వర్కుషాపులోను, లోకోషెడ్డులోను, లైనుమీదను పని చేయుటకు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు పెక్కు అచ్చటికి వలసపోయి స్థిరపడినవి. రైల్వే పట్టణమునుండి, 1951లో నెలకొల్పబడిన ఐ.ఐ.టి. వైపు పోవు త్రోవలో పూరీ గేటు కలదు. అట్టి రైల్వే పేటలలోని తెలుగు ఇండ్లలో తాత కలాసీగానో ఫైర్‌మన్‌గానో కష్టించి యుండుటయు, తండ్రి ఫిట్టరై యుండుటయు, కుమారుడు కార్యాలయమున కుర్చీపై కూర్చుండి పని చేయుటయు వింత గాదు.

ఆవిరి ఇంజనుపై ఫైర్‌మన్ ఒక్క ప్రయాణములోనే టన్నులకొలది బొగ్గును పారతో ఎత్తి పొయ్యిలో వేయవలసి యుండెడిది. గ్యాంగుమను గునపము పట్టి పట్టాల క్రింది కంకరను సరిచేయుచుండెడివాడు. పనికి పోవుటయు, ఇంటికి వచ్చుటయు సైకిలుమీదనో, కాలినడకనో జరిగెడిది. అట్టివాడు ప్రొద్దున చోడి అంబలియు, మధ్యాహ్నము కంచము నిండ అన్నమును, రాత్రి మరల అన్నమును తినినను అది యంతయు శ్రమలో ఖర్చయి పోయెడిది.

1995తో బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరి ఇంజనుల నిత్యసేవ ముగిసినది. బరువులెత్తు పనిని క్రేనులును, కంకర సరిచేయు పనిని యంత్రములును చాలవరకు గైకొనినవి. అనేక కుటుంబములలో సైకిలు స్థానమున మోటారు సైకిలు వచ్చినది. కాని కంచములో అన్నము వడ్డించు కొలత వంశపారంపర్యముగా వచ్చు అలవాటు. తల్లి తండ్రికి వడ్డించిన కొలతనే కుమారునికిని వడ్డించును. దానికి తోడు టీ, పకోడీ, సమోసా, మిఠాయి చేరినవి. ఈ విధముగా ఖర్చు తగ్గి, జమ తగ్గకుండుటచే మిగిలినది నడుము చుట్టును, పొట్టలోను చేరుచున్నది. దీనివలన మధుమేహము, రక్తపు పోటు, గుండె జబ్బులు, మోకాళ్ళ నొప్పులు ప్రబలుటకు అవకాశ మేర్పడుచున్నది.

కేలరీ అనగా నేమి?

బట్టను గజములతో కొలిచినట్లు, ఆహారములోని శక్తిని కేలరీలతో కొలుతురు. ఒక కిలోగ్రాము నీటి వేడిమిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ పెంచుటకు పట్టు శక్తియే ఆహారశాస్త్రములో వాడు కేలరీ. పొట్లములపై దీనినే కిలో కేలరీ అని ముద్రింతురు. రెండును ఒక్కటియే.

పిండి పదార్థము ఒక గ్రాము తినిన 4 కేలరీలు, మాంసకృత్తులు ఒక గ్రామునకు 4 కేలరీలు, క్రొవ్వు ఒక గ్రామునకు 9 కేలరీలు శరీరమునకు లభించును. ఈ ప్రమాణములు అమెరికా శాస్త్రజ్ఞుడు ఆట్‌వాటర్ పరిశోధనల ఫలితములు. ఆయనయు, ఆయన సహచరులును 19వ శతాబ్దపు చివరి దశాబ్దములో మనిషి పట్టునంత గది నొకదానిని నిర్మించి, అందు మనుష్యుల నుంచి, వారు తినిన ఆహారమును, వారి దేహమునుండి వెలువడు వేడిని దినములకొలది కొలిచిరి. జమయు ఖర్చును మిక్కిలి దగ్గరగా సరిపోయెను. బొగ్గు కాలిన ఇంజనునకు ఏ నియమము వర్తించునో, అన్నము తినిన మనుష్యునికిని ఆ నియమమే వర్తించునని దీనివలన రుజువైనది.

మన దేశపు ఆహారపదార్థముల విలువలను లెక్కగట్టు కార్యము కూనూరులో సాగినది. అచ్చట 1918లో చిన్నదిగా ఆరంభమైన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, పిమ్మట జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందినది. మన ఆహారములలోని శక్తిని తెలుపు పట్టికలు ఈ సంస్థవారివే.

శరీరము చేయు మూడు ఖర్చులు

మొదటి ఖర్చు ప్రాణము నిలుపుకొనుటకు. నిద్రలో సైతము గుండె కొట్టుకొనుచుండును, ఊపిరి ఆడుచుండును, మెదడు, కాలేయము, మూత్రపిండములు పని చేయుచుండును. సుమారు 65 కిలోల పురుషునికి ఈ నిత్యఖర్చు దినమునకు 1,500 కేలరీలవరకు నుండును. రెండవ ఖర్చు తినిన ఆహారమును జీర్ణించుకొనుటకు. ఇది మొత్తములో సుమారు పదవ వంతు. మూడవ ఖర్చు కదలికకు. నడక, ఎత్తుట, దించుట, ఇంటిపని, నిలుచుండుట, ఆటలు అన్నియు ఇందు చేరును.

మొదటి రెండు ఖర్చులు మనుష్యుని చేతిలో నున్నవి గావు. మూడవది మాత్రము ఒకని కొకనికి మిక్కిలి వ్యత్యాసముగా నుండును. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, 65 కిలోల పురుషుడు కూర్చుండి చేయు పనిలో నున్నచో దినమునకు 2,110 కేలరీలు, మధ్యరకపు శ్రమ చేయువాడైనచో 2,710 కేలరీలు, కఠినశ్రమ చేయువాడైనచో 3,470 కేలరీలు కావలసియుండును. 55 కిలోల స్త్రీకి ఇవి వరుసగా 1,660, 2,130, 2,720 కేలరీలు.

పారతో బొగ్గు వేసిన తాతకును, కంప్యూటరు ముందు కూర్చుండు మనుమనికిని ఈ లెక్కన దినమునకు 1,360 కేలరీల తేడా కలదు. ఇది సుమారు 390 గ్రాముల బియ్యపు అన్నములోని శక్తితో సమానము. తాత తినిన కొలతను మనుమడు తినుచున్నచో మిగులు ఎంత పెద్దదో దీనివలన గ్రహింపవచ్చును.

కండరములు ఈ శక్తి నెట్లు వినియోగించునో తెలిసికొనుటలో ఒక తెలుగు శాస్త్రజ్ఞునికి ముఖ్యమైన భాగము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలిసి పని చేయుచు, కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో ప్రకటించిరి. కండరము కదలిన ప్రతిసారియు ఇట్టి నిలువలనుండి శక్తి ఖర్చగును. తినిన ఆహారమునుండి ఆ నిలువ మరల భర్తీ యగును. కదలని కండరమునకు ఈ భర్తీతో పని తక్కువ. కావున వచ్చిన శక్తి క్రొవ్వువైపు మరలును.

చెంగైల్ మిల్లులో తేలిన సంగతి

“శ్రమ తగ్గినచో ఆకలియు తానుగానే తగ్గును గదా, అప్పుడు బరువు ఏల పెరుగవలెను?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము ఖరగ్‌పూర్‌నుండి హౌరా పోవు రైలుమార్గములోనే లభించినది. ఆ మార్గమున చెంగైల్ వద్ద లడ్లో జనపనార మిల్లు కలదు. ఆ మిల్లు కార్మికులలో 213 మంది పురుషుల ఆహారమును, బరువును, పనిని పరిశీలించి, జీన్ మేయర్ అను ఆహారశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1956లో ఫలితములను ప్రకటించిరి. దినమంతయు దుకాణములో కూర్చుండువారు, గుమాస్తాలు, యంత్రములపై పనిచేయువారు, బస్తాలు మోయు కూలీలు అందరును వారిలో నుండిరి.

ఒక మోస్తరు పనినుండి కఠినమైన పనివరకు, శ్రమ పెరిగిన కొలది ఆహారమును పెరుగుచుండెను. బరువు మాత్రము పెరుగలేదు. అనగా ఆ హద్దులలో ఆకలి నమ్మదగిన త్రాసువలె పని చేసినది. కాని బొత్తిగా కూర్చుండి పనిచేయువారి విషయము వేరుగా నుండెను. వారి శ్రమ తగ్గినందున ఆహారము తగ్గలేదు సరిగదా, తమకంటె ఎక్కువ కదలువారి కంటె వారే అధికముగా తినుచుండిరి. వారి బరువులును హెచ్చుగా నుండెను.

ఒక్క మిల్లులో, ఒక కాలమున జరిగిన పరిశీలనతో అన్నియు తేలిపోవునని చెప్పరాదు. అయినను దానినుండి గ్రహింపదగిన నీతి స్పష్టము. కొంత శ్రమ యున్నంతవరకు ఆకలిని నమ్మవచ్చును. శ్రమ మరీ తగ్గినపుడు ఆకలి సరియైన కొలత చెప్పదు. అట్టివారు కడుపు నిండినదను భావనపై గాక, కంచములోని కొలతపై ఆధారపడవలెను.

కంచములోని లెక్క

బరువు తగ్గగోరువారు ఆహారములో ముందుగా మూడు వస్తువులను గమనింపవలెను: బియ్యము, నూనె, పంచదార.

నూరు గ్రాముల బియ్యములో సుమారు 350 కేలరీలు కలవు. వండిన పిమ్మట అది నీరు పీల్చి దాదాపు మూడురెట్లు తూగును. కావున వండిన అన్నమును కంటితో అంచనా వేయుట కష్టము. వండుటకు ముందే బియ్యమును కొలిచి, ఇంటిలో ఎందరు తినుచున్నారో చూచి, తలకు ఎంత పడుచున్నదో లెక్కించుట తేలికైన మార్గము.

మేదినీపురపు ప్రాంతములో మరమరాలు నిత్యాహారము. అవి తేలికగా నుండుటచే ఎంత తినినను దోషము లేదని కొందరి అభిప్రాయము. తూకమునకు తూకము మరమరాలును బియ్యమును శక్తిలో దాదాపు సమానములే. చేటెడు మరమరాలు తక్కువ తూగుట నిజమే. కాని వానిపై ఆవనూనె పోసి, వేరుశనగ గింజలు, కారపు మిక్చరు కలిపినచో లెక్క మారిపోవును. వేరుశనగలో నూరు గ్రాములకు 500 కేలరీలకు పైగా కలవు. అవి పోషకమైనవే, గుప్పెడుతో సరిపెట్టుకొనవలెను.

పెద్ద చెంచాడు నూనె సుమారు 14 గ్రాములు. అందు 125 కేలరీలు కలవు. ఆవనూనె, వేరుశనగ నూనె, నువ్వులనూనె, నెయ్యి ఏదైనను ఈ విషయములో పెద్ద తేడా లేదు. పూరీలు, పకోడీలు, సమోసాలు కంటికి చిన్నవిగా కనబడును. కాని అవి పీల్చిన నూనెవలన వానిలోని కేలరీలు చాల హెచ్చును.

పంచదార చిన్న చెంచాడునకు 20 కేలరీలు. దినమునకు నాలుగు కప్పుల టీ, కప్పునకు రెండు చెంచాల పంచదార వాడువాడు పంచదారనుండియే 160 కేలరీలు పొందుచున్నాడు. వీనిని అతడు ఆహారముగా లెక్కింపడు. వీనివలన ఆకలియు తీరదు.

ఇంటిలో వండి వడ్డించు స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అందరును తినిన పిమ్మట, పారవేయుటకు మనసొప్పక, గిన్నెలలో మిగిలిన అన్నమును, కూరను తామే తినుట అనేకులకు అలవాటు. ఇది పొదుపు బుద్ధియే. కాని ఆ మిగులు వారి దేహముననే నిలువయగుచున్నది. కొలిచి వండినచో మిగులదు. మిగిలినను మరునాటికి చద్దన్నముగా వాడుకొనవచ్చును. అట్టి అన్నమును త్వరగా చల్లార్చి, కప్పి, చల్లని తావున ఉంచవలెను.

నడక ఎంత ఖర్చు చేయును?

అరువది కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున అరగంట నడిచినచో సుమారు 105 కేలరీలు ఖర్చగును. అదే అరగంట కూర్చుండి యుండినను 30 కేలరీలు ఎట్లును ఖర్చగును. కావున నడకవలన అదనముగా ఖర్చైనది 75 కేలరీలే. ఖరగ్‌పూర్ స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారము 1,072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచములో దానిని మించినది లేకుండెను. దాని కొననుండి కొనవరకు ఒకసారి పోయి వచ్చినంత దూరము ఈ అరగంట నడకకు ఇంచుమించు సరిపోవును. అంత దూరము నడిచి వచ్చి, నాలుగు చెంచాల పంచదారతో టీ త్రాగినచో ఆ నడక ఖర్చు పూర్తిగా పూడిపోవును.

ఈ కారణముచే, ఆహారములో మార్పు లేక నడకను మాత్రమే నమ్ముకొనువాడు నెలకు పావు కిలో కంటె ఎక్కువ తగ్గుట అరుదు. అందులోను, నడిచినామను ధీమాతో అదనముగా తినుటయు, అలసితిమని మిగిలిన దినమంతయు కూర్చుండుటయు జరిగినచో ఆ కాస్తయు తగ్గదు.

అట్లని వ్యాయామము వ్యర్థమని తలపరాదు. దాని ప్రయోజనములు తూకములో కనబడని తావుల నున్నవి. కదలుచున్న కండరములు రక్తములోని చక్కెరను తీసికొని వినియోగించుకొనును. రక్తపు పోటు తగ్గును, నిద్ర కుదురును, గుండెకు బలము చేకూరును. వ్యాయామము లేక ఆహారము మాత్రమే తగ్గించినచో క్రొవ్వుతో పాటు కండయు కరగును. వ్యాయామము ఆ కండను కాపాడును. తగ్గిన బరువు మరల పెరుగకుండ నిలుపుటలోను అది గొప్ప తోడు.

మదరాసులో జరిగి 2006లో ప్రకటింపబడిన భారతీయ మధుమేహ నివారణ పరిశోధన ఈ విషయమును చక్కగా నిరూపించుచున్నది. మధుమేహము సోకుటకు సిద్ధముగా నున్న 531 మందిని అందు పరిశీలించిరి. మూడేండ్లలో, ప్రత్యేక సలహా లేమియు ఇవ్వబడనివారిలో నూటికి 55 మందికి మధుమేహము రాగా, ఆహారము సరిచేసికొని నడక మొదలైన శ్రమ చేసినవారిలో నూటికి 39 మందికే వచ్చినది. ఆ రెండవ తెగవారి బరువులు చెప్పుకొనదగినంత తగ్గకపోయినను ఈ మేలు కలిగినది. తూకము కదలలేదని నడక మానివేయువారు ఈ సంగతిని మనసునం దుంచుకొనవలెను.

రెండును కలిపిన లెక్క

దినమునకు సుమారు 500 కేలరీల లోటు కల్పించుకొనుట చాలమందికి తగిన హద్దు. ఉదాహరణమునకు, కుర్చీపని చేయు ఒక గృహస్థు ఈ మార్పులు చేసెననుకొందము: దినమునకు 50 గ్రాముల బియ్యము తగ్గించుటవలన 175 కేలరీలు, వంటలో తన వంతునకు ఒక పెద్ద చెంచాడు నూనె తగ్గించుటవలన 125, టీలో పంచదార మానుటవలన 160. ఇవి మొత్తము 460. అరగంట నడకకు 75. అంతయు కలిపి 535 కేలరీలు. ఇందు కంచము వంతు ఎంతో, నడక వంతు ఎంతో స్పష్టముగా కనబడుచున్నది. ఈ మనిషి ఒక్క పూటయైనను పస్తుండలేదు. తగ్గించిన అన్నపు స్థానమున ఆకుకూరలు, ఆనపకాయ, బీరకాయ, దోసకాయ, ఒక కప్పు పప్పు, లేదా పులుసులో వండిన చేపముక్క వేసికొనినచో కడుపును నిండును, మాంసకృత్తులును లభించును. ఇట్లు చేర్చుకొనిన పప్పునకు, చేపకును కొన్ని కేలరీలు గలవు గావున అసలు లోటు 535కు కొంచెము తక్కువగా నుండును. అయినను లెక్క చెడదు.

ఒక కిలో దేహపు క్రొవ్వు కరగుటకు దాదాపు 7,700 కేలరీల లోటు కావలెను. దినమునకు 500 చొప్పున నెలకు 15,000 కేలరీలు. అనగా మొదట నెలకు రెండు కిలోలలోపు తగ్గును. ఇంతకంటె వేగముగా తగ్గింతుమని చెప్పు ప్రకటనలను నమ్మరాదు.

తూకము చూచువారు రెండు విషయములను తెలిసికొనియుండవలెను. మొదటివారములో తూకము వేగముగా పడిపోవచ్చును. అది చాలవరకు నీరు. కాలేయములోను కండలలోను నిలువయున్న పిండిపదార్థము నీటిని పట్టియుంచును. ఆ నిలువ తరిగినపుడు నీరును వెలువడును. రెండవది, కొన్ని నెలల పిమ్మట తగ్గుదల మందగించును. తేలికైన శరీరమునకు నిత్యఖర్చు తక్కువ. అంతేగాక, ఆహారము బాగుగా తగ్గినపుడు శరీరము తన ఖర్చులను తానే కుదించుకొనును.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ నడపిన పరిశోధనలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు ఆరు నెలలపాటు సుమారు సగము ఆహారముతో గడిపిరి. వారి బరువు దాదాపు నాలుగవ వంతు తగ్గెను. దానితో పాటు వారి దేహములు చల్లబడెను, గుండె వేగము తగ్గెను, ఉత్సాహము నశించెను, రాత్రింబగళ్ళు తిండి ధ్యాసయే మిగిలెను. మరల తిండి దొరకినపుడు వారు ఆపలేక తినిరి. కఠినమైన పస్తుల ఫలితము ఇట్లుండును. కావున తగ్గుదల మందగించినపుడు ఇంకను పస్తుండుటకంటె, ఓపికతో అదే పద్ధతిని కొనసాగించుచు, నడకను మరికొంత పెంచుట మంచిది.

ఎంత బరువు తగినది?

మీటర్లలో ఎత్తును అదే ఎత్తుతో గుణించి, ఆ వచ్చినదానితో కిలోలలోని బరువును భాగింపవలెను. మన దేశపువారికి ఈ సంఖ్య 23 దాటినచో బరువు హెచ్చనియు, 25 దాటినచో స్థూలకాయమనియు వైద్యులు నిర్ణయించిరి. 160 సెంటీమీటర్ల ఎత్తుగలవారికి ఈ హద్దులు సుమారు 59 కిలోలు, 64 కిలోలు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. చేతులు కాళ్ళు సన్నగా నుండి పొట్ట మాత్రము పెరిగినవారు, తూకము సరిగా నున్నదని సంతృప్తి చెందరాదు. పొట్టలోని క్రొవ్వే మిక్కిలి హాని చేయునది.

స్థూలకాయులందరును పూర్తిగా సన్నబడనక్కరలేదు. ఉన్న బరువులో నూటికి 5 నుండి 10 వంతులు తగ్గినను రక్తములోని చక్కెరయు, రక్తపు పోటును చాలమందికి మెరుగుపడును. 80 కిలోలవాడు 4 కిలోలు తగ్గుటయు లాభమే.

నడక ఎట్లు సాగింపవలెను?

పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషముల మోస్తరు వ్యాయామమును, రెండు దినములైనను కండరములకు బలమిచ్చు పనిని చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నడుచునపుడు మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగమైనచో అది మోస్తరు వ్యాయామము. అరగంట తీరికలేనివారు పది నిమిషముల చొప్పున మూడుసార్లు నడువవచ్చును. సైకిలుపై బజారునకు పోవుట, మెట్లు ఎక్కుట, నీళ్ళబిందె మోయుట, పెరటిలో గునపము పట్టుట అన్నియు లెక్కలోనివే. పింఛనుదారులు కుర్చీలోనుండి చేతుల ఊతలేక లేచి కూర్చుండుటను పదిసార్లు చేసినను కాళ్ళకు బలము చేకూరును.

వేసవిలో తెల్లవారుజాముననో, ఎండ తగ్గిన పిమ్మటనో నడువవలెను. అడ్డదారియని పట్టాల వెంట నడుచుట, గేటు వేసియుండగా దాటుట ప్రాణాపాయము. వీధి సురక్షితము గానిచో స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిసి నడచుట మేలు. తోడున్నచో అలవాటును నిలుచును.

జాగ్రత్తలు

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగుచున్న పిల్లలు తమంతట తాము ఆహారము తగ్గింపరాదు. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసికొనువారు తిండి తగ్గించుటకు ముందు, నడక పెంచుటకు ముందు వైద్యుని సంప్రదింపవలెను. లేనిచో రక్తములోని చక్కెర మిక్కిలి పడిపోయి స్పృహ తప్పవచ్చును. నడుచునపుడు ఛాతీలో నొప్పియో, విపరీతమైన ఆయాసమో, తల తిరుగుటయో కలిగినచో వెంటనే ఆగి వైద్యసహాయము పొందవలెను. కారణము లేక బరువు పెరుగుచున్నను, తరుగుచున్నను పరీక్ష చేయించుకొనవలెను. కొన్ని గ్రంథుల వ్యాధులును, కొన్ని మందులును బరువును పెంచును. పేరు తెలియని పొడులు, కషాయములు, విరేచనపు మందులు క్రొవ్వును కరిగింపవు. అవి నీటిని మాత్రము పోగొట్టి, మూత్రపిండములకు కీడు చేయగలవు.

బరువు హెచ్చినవారిని సోమరులని, తిండిపోతులని పరిహసించుట తగదు. తాతముత్తాతల కష్టమునకు తగినట్లు అమరిన కంచమే వారికి సంక్రమించినది. కష్టము యంత్రముల పాలైనది. కంచము అట్లే నిలిచినది. దానిని నేటి పనికి తగినట్లు సరిచేసికొనుట ఇంటిల్లపాదియు కలిసి చేయవలసిన కార్యము. వారమున కొకసారి ఒకే దినమున, ఒకే వేళ తూకము చూచుకొనుచు, బియ్యము, నూనె, పంచదార కొలిచి వాడుచు, నిత్యము అరగంట నడుచుచు ఆరు నెలలు ఓపిక పట్టినచో ఫలితము కనబడును. ఈ అలవాట్లు ఆరు నెలలతో ముగియక ఇంటి ఆచారముగా నిలిచినచో, ఆ ఇంటి పిల్లలకును అవియే సంక్రమించును.